అంబులెన్సు కంటే ముందొచ్చిన బిడ్డ



కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదని మనవాళ్ళ సామెత. అందులో కాన్పు మాట ఎందుకు కలపలేదా అని నాకు చాలాసార్లు అనిపించింది. కలపాల్సిన అవసరం రాలేదేమో. పురుడు ఇంట్లోనే పోసుకుని, మంత్రసాని పక్కవీధిలోనే ఉన్న రోజుల్లో బిడ్డ ఒక జాము ముందొస్తే మాత్రం ఎవరికి కంగారు? ఇప్పుడు కాన్పంటే ఆసుపత్రి. ఆసుపత్రంటే ప్రయాణం. ప్రయాణమంటే టాక్సీ, సిగ్నళ్ళు, వాన. వచ్చే బిడ్డకు వీటితో పనిలేదు.

నొప్పులు ఒక క్రమంలో రావడం మొదలైన దగ్గర్నుంచి మూడు గంటలలోపే బిడ్డ పుట్టేస్తే దాన్ని డాక్టర్లు ప్రెసిపిటేట్ లేబర్ అంటారు. తొలికాన్పులో నొప్పులు పన్నెండు గంటలు దాటి సాగడం మామూలే. రెండోది, మూడోది సాధారణంగా అంతసేపు పట్టవు. ఒకసారి తొందరగా ప్రసవించిన తల్లికి మళ్ళీ అలాగే జరిగే అవకాశం ఎక్కువ. అయితే ఏ హెచ్చరికా లేకుండా, మొదటిది నిదానంగా జరిగిన తల్లికి కూడా రెండోది తోసుకొచ్చేయవచ్చు. మా చెల్లెలి కూతురికి సింగపూర్లో అదే జరిగింది. తన సంగతి పదిమందికీ పనికొస్తుంది, చెప్పు పెద్దమ్మా అని తనే అంది కాబట్టి ఇవాళ చెబుతున్నాను.

దానికి మొదటి కాన్పు గుంటూరులో, పుట్టింటివాళ్ళ చేతుల మీదుగా అయింది. ఒక రాత్రి, ఒక పగలు నొప్పులు పడింది. అందుకని రెండోసారి అందరూ ఆ లెక్కలోనే ఉన్నారు. నొప్పులు మొదలైతే స్నానం చేసి, ఓ ముద్ద తిని, సంచీ సర్దుకుని నింపాదిగా బయల్దేరవచ్చని. ఇక్కడ వాళ్ళుండేది పుంగోల్‌లో, పదకొండో అంతస్తులో. మా చెల్లెలి వియ్యపురాలు, నేను వదినగారూ అని పిలిచే ఆవిడ, తెనాలి నుంచి అప్పటికే వచ్చి ఉన్నారు. హైదరాబాదు నుంచి ఇక్కడికి విమానంలో నాలుగు గంటల పైచిలుకు. తర్వాత ఆవిడే అన్నారు, "నేనొచ్చినంత సేపు కూడా పట్టలేదే దీని రాక" అని.

డిసెంబరు వానలు. తెల్లవారుజామున అమ్మాయి నడుము లాగుతోందని లేచింది. వదినగారు వాము నీళ్ళు కాచి ఇచ్చారు. నొప్పి వచ్చి పోతోంది గానీ మధ్యలో తెరిపి ఉండటం లేదు. కాసేపటికి, "అత్తయ్యా, దొడ్డికి వెళ్ళాలనిపిస్తోంది" అంది. ఆ మాటతో వదినగారు గ్లాసు పక్కన పెట్టేశారు. "నువ్వు బాత్రూములోకి పోవద్దమ్మాయ్, ఇక్కడే పక్కకి తిరిగి పడుకో" అన్నారు. అల్లుడు ఫోనులో టాక్సీ వెతుకుతున్నాడు. "టాక్సీ కాదురా, అంబులెన్సు వాళ్ళకి చెయ్యి. బిడ్డ వచ్చేస్తోంది" అని కేకేశారు.

ఎలా తెలిసింది ఆవిడకి? బిడ్డ తల కిందికి దిగి మలద్వారం వైపు ఒత్తినప్పుడు తల్లికి సరిగ్గా ఆ భావనే కలుగుతుంది. తనకు తెలియకుండానే ముక్కడం మొదలుపెడుతుంది. పుస్తకాలలో ఉన్న సంగతే ఇది. వదినగారికి మాత్రం చిన్నప్పుడు వాళ్ళమ్మ పురుళ్ళ దగ్గర వేణ్ణీళ్ళు అందించి తెలుసు.

అల్లుడు 995కి చేశాడు. అవతలి మనిషి ముందు అడిగింది పోస్టల్ కోడ్. సింగపూర్లో 1995 నుంచి పోస్టల్ కోడ్‌కు ఆరంకెలు. దాదాపు ప్రతి భవనానికీ ఒక కోడ్ ఉంటుంది. ఆ ఆరంకెలు, అంతస్తు, ఇంటి నంబరు చెబితే చాలు, గుడి పక్కన, రావిచెట్టు ఎదురుగా అని గుర్తులు చెప్పే పని లేదు. బండి బయల్దేరిందని చెప్పి ఆవిడ ఫోను పెట్టేయలేదు. స్పీకరు పెట్టమంది. అక్కణ్ణుంచి ఆమె ఇంగ్లీషులో చెప్పడం, అల్లుడు దాన్ని తెలుగులో చెప్పడం, వదినగారు జవాబివ్వడం.

"బిడ్డని లాగొద్దంటోందమ్మా!"

"లాగేదెవర్రా? దానంతటదే వస్తోంది. చెయ్యి అడ్డం పెట్టానని చెప్పు."

"మెడకి పేగు చుట్టుకుందేమో చూడమంటోంది."

"లేదు. తువ్వాళ్ళు పట్రా, పొడివి. ఆ ఏసీ ఆపు ముందు."

బిడ్డ వచ్చేసింది. వెంటనే ఏడవలేదు. ఫోనులో ఆమె, మొహం తుడిచి, తువ్వాలుతో ఒళ్ళంతా తుడుస్తూ వీపు రుద్దమంది. వదినగారి చేతులు ఆ మాట చేరేలోపే ఆ పనిలో ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. "తల్లి గుండెల మీద పడుకోబెట్టండి, మధ్యలో బట్ట ఉండకూడదు, పైన కప్పండి, తల కూడా కప్పండి" అంది ఫోనులో ఆమె. "బొడ్డుతాడు కోయొద్దు" అని గట్టిగా చెప్పింది. "మాయ పడకుండా బొడ్డు ఎవరు కోస్తారు?" అన్నారు వదినగారు, అదీ చెప్పాల్సిన మాటేనా అన్నట్టు.

ఎదురింటి మలయ్ ఆవిడను అందరూ మక్‌చిక్, అంటే ఆంటీ, అంటారు. ఆ హడావిడికి లేచిన నాలుగేళ్ళ పెద్ద పిల్లవాణ్ణి ఆవిడ తమ ఇంటికి తీసుకుపోయింది. ఆవిడ కొడుకు కిందికి పోయి వాయిడ్ డెక్ దగ్గర, అంటే భవనం అడుగున ఖాళీగా వదిలిన చోట, లిఫ్టు తలుపు మూసుకోకుండా పట్టుకుని నిలబడ్డాడు. పారామెడిక్కులు వచ్చేసరికి తల్లీబిడ్డా దుప్పట్ల కింద ఉన్నారు. వాళ్ళు బొడ్డుతాడుకు క్లిప్పులు వేసి కోసి, రక్తస్రావం ఎంతుందో చూసి, ఇద్దర్నీ స్ట్రెచరు మీద తీసుకెళ్ళారు.

వెళ్ళే ముందు ఒక చిన్న వాదన జరిగింది. వదినగారు బిడ్డకు నీళ్ళు పోయడానికి వేణ్ణీళ్ళు కాచి సిద్ధంగా ఉంచారు. వద్దన్నారు పారామెడిక్కులు. మనిళ్ళల్లో బిడ్డ పుట్టగానే నీళ్ళు పోయడం ఆనవాయితీ. పుట్టిన మొదటి రోజంతా స్నానం లేకుండా ఉంచడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కడుపులోని వెచ్చదనం నుంచి తడి ఒంటితో బయటికొచ్చిన బిడ్డ ఇట్టే చల్లబడిపోతుంది. ఉక్కపోసే ఈ ఊళ్ళో చలేమిటని అనుకోకూడదు. ఏసీ గదిలో తడిబిడ్డకు అది చాలినంత చలి. బొడ్డు విషయంలో పాతమాటా కొత్తమాటా ఒకటయ్యాయి. స్నానం విషయంలో వదినగారు తగ్గారు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరికీ తట్టలేదు. గడియారం చూడలేదు! ఆసుపత్రిలో పుట్టిన సమయం అడిగితే అందరూ మొహాలు చూసుకున్నారు. వదినగారి బాధ ఆసుపత్రి కాగితం గురించి కాదు, జాతకం గురించి. చివరికి అల్లుడు ఫోనులో కాల్ ఎప్పుడు మొదలైందో చూసి, లెక్కగట్టి ఒక సమయం తేల్చాడు. మనకీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా కదా, తెనాలి పంతులుగారికి ఏ టైము చెప్పాలన్న చర్చ పురుడు రోజు దాకా నడిచింది.

ఇలా చెబుతుంటే సరదాగా ఉంటుంది. పడిన మనిషికి సరదా కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ, "ఎంత అదృష్టవంతురాలివే, నొప్పులు పడకుండా కన్నావు" అన్నారు. అమ్మాయి నవ్వి ఊరుకునేది. వాళ్ళు వెళ్ళాక ఏడ్చేది. నొప్పులు పడకపోవడం కాదది. గంటల తరబడి విడతలు విడతలుగా రావాల్సిన నొప్పి తెరిపి లేకుండా ఒక్కసారి వచ్చి మీద పడటం. ఒళ్ళు సాగడానికి వ్యవధి ఉండదు కనుక చీలికలు ఎక్కువ. గర్భసంచి సరిగ్గా ముడుచుకోక రక్తం ఎక్కువ పోయే ప్రమాదం ఉంది. ఒళ్ళంతా వణుకు పుడుతుంది. మనసు వెనకబడిపోతుంది. తను బిడ్డను కన్నానన్న సంగతి తనకే నమ్మకం కుదరడానికి కొన్నాళ్ళు పట్టిందని చెప్పింది మా పిల్ల. తొందరగా అయిన కాన్పు తేలికైన కాన్పు కాదు. అలాంటి బాలింతను చూడబోయినప్పుడు అదృష్టం మాట పక్కన పెట్టి, ఎలా జరిగిందమ్మా అని అడిగి, చెప్పేదంతా వినండి. కాయం ముద్దతో పాటు ఆ వినడం కూడా పథ్యమే.

ఇక ఈ ఊరి సంగతి. కాన్పును ఇంట్లోంచి ఆసుపత్రికి తీసుకెళ్ళిన చరిత్రలో సింగపూర్‌ది పెద్ద అధ్యాయం. ఒకప్పుడు ఇక్కడి పల్లెలలో, అంటే కంపోంగులలో, బిదన్ అనే మలయ్ మంత్రసానులు పురుళ్ళు పోసేవారు. లిటిల్ ఇండియా పక్కనే, మన టెక్కా బజారుకు కూతవేటు దూరంలో, కండంగ్ కెర్బావ్ ఆసుపత్రి 1924లో 30 పడకలతో ప్రసూతి ఆసుపత్రిగా మొదలైంది. ఇప్పుడు అందరూ కేకే అనేది దాన్నే. 1966లో అక్కడ 39,835 మంది పిల్లలు పుట్టారు. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, పదమూడు నిమిషాలకో బిడ్డ అన్నమాట. ఒకే ఆసుపత్రిలో అన్ని కాన్పులు జరగడం గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఇటీవలి సంవత్సరాలలో సింగపూర్ మొత్తం మీద ఏడాదికి పుట్టే పిల్లలు అంతమంది లేరు. 2023లో ఇక్కడ సగటున ఒక స్త్రీ కనే పిల్లల సంఖ్య 0.97కి, అంటే ఒకటి కంటే కిందికి, పడిపోయింది. ఆసుపత్రి 1997లో కొత్త భవనాలలోకి మారింది. అన్ని వేలమంది పుట్టిన పాత భవనంలో ఇప్పుడు బస్సుల, రైళ్ళ వ్యవహారాలు చూసే రవాణా సంస్థ కార్యాలయం నడుస్తోంది.

ఆ కేకేలో పనిచేసిన ప్రసూతి వైద్యుడు బెంజమిన్ షియర్స్. సిజేరియన్ కోతను గర్భసంచి కింది భాగంలో పెట్టే సురక్షితమైన పద్ధతిని సింగపూర్లోకి తెచ్చింది ఆయనే. 1971 నుంచి 1981లో చనిపోయేదాకా ఈ దేశానికి అధ్యక్షుడిగా ఉన్నారు. తూర్పు తీరం నుంచి నగరంలోకి వచ్చే పెద్ద వంతెనకు ఆయన పేరే పెట్టారు. మనకూ అలాంటి ఒకావిడ ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి అమ్మాయి, డాక్టర్ అచ్చమాంబ. బెజవాడలో ఎంతోమందికి పురుళ్ళు పోశారు. 1957లో అక్కణ్ణుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆవిడ ఆసుపత్రిలో వైద్యం చేసి ఊరుకోలేదు. ప్రసూతి గురించీ, శిశుపోషణ గురించీ మామూలు ఇల్లాళ్ళు చదివి తెలుసుకునేలా తెలుగులో పుస్తకం రాశారు.

ఈ ఇద్దర్నీ ఎందుకు తలుచుకున్నానంటే, వాళ్ళు చేసిన పనులు రెండూ మనకు కావాలి. కాన్పు ఆసుపత్రికి వెళ్ళడం వల్ల లెక్కలేనన్ని ప్రాణాలు నిలబడ్డాయి. మంత్రసాని చేతుల్లో పోయిన తల్లుల గురించి మన ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. ఇంటి కాన్పులే మేలు, వెనక్కి పోదాం అనడం నా ఉద్దేశం ఏమాత్రం కాదు. కానీ కాన్పుతో పాటు దాని గురించిన తెలివిడి అంతా కూడా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. అచ్చమాంబగారు పుస్తకం రాసింది అలా పోకూడదనే అనుకుంటాను. ఇవాళ పెద్ద చదువులు చదివిన ఇంట్లో కూడా, బిడ్డ తల కనబడితే ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు ఒక్కరుండరు. ఆసుపత్రికి చేరేలోపు బిడ్డ వచ్చేస్తే ఆ కాసేపూ ఇల్లే పురిటిగది. ఆ కాసేపటికి సరిపడా తెలివిడి ఇంట్లో మిగుల్చుకోవాలి. అది పెద్ద విద్యేమీ కాదు, చెబుతాను వినండి.

నెలలు నిండిన మనిషి, అందులోనూ ఒక కాన్పు అయిన మనిషి, నొప్పుల మధ్య దొడ్డికి వెళ్ళాలనిపిస్తోందన్నా, ఆపుకోలేకుండా ముక్కాలనిపిస్తోందన్నా, ఇక కారెక్కించవద్దు. ఫోను చెయ్యండి. సింగపూర్లో 995. మన రెండు తెలుగు రాష్ట్రాలలో 108. ఆ 108 సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. కాన్పు కేసులు దానికి కొత్త కాదు.

తల్లిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆపుకోమని కాళ్ళు దగ్గరికి నొక్కిపెట్టడం ప్రమాదం. ఆగదు, ఆపకూడదు. బిడ్డను లాగకండి, జారిపోకుండా పట్టుకోండి చాలు. పుట్టగానే తుడవండి, తల్లి ఒంటికి ఆనించి కప్పండి. ఏడవకపోతే వీపు రుద్దండి. బొడ్డుతాడు జోలికి వెళ్ళకండి. వంటింటి కత్తెరతో కోస్తే చెడు చేరుతుంది. మాయను లాగకండి, దానంతటదే పడితే బిడ్డ పక్కనే ఉంచి ఆసుపత్రికి పంపండి. బిడ్డ నోరు తెరిచి వెతుకుతుంటే రొమ్ము అందించండి. బిడ్డ చీకుతుంటే గర్భసంచి ముడుచుకుని రక్తం తగ్గుతుంది. గడియారం చూడండి, మావాళ్ళలా కాకుండా. వీటన్నిటి కంటే ముందు, ఫోనులో ఉన్న మనిషి చెప్పింది చెయ్యండి.

సింగపూర్లో ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. అత్యవసర అంబులెన్సు మీరు ముందుగా పేరు నమోదు చేయించుకున్న ఆసుపత్రికే తీసుకెళ్తుందని అనుకోవద్దు. దగ్గరలో ఉన్న, తగిన ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో పురుళ్ళు పోసేవి మూడే: కేకే, నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్, సింగపూర్ జనరల్ హాస్పిటల్. అందుకని పరీక్షల కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచుకోండి. ఒక కాన్పు తొందరగా అయిపోయి ఉంటే ఆ సంగతి మొదటి పరీక్షలోనే డాక్టరుకు చెప్పండి. తర్వాతి కాన్పుకు వాళ్ళు ముందే ఏదో ఒక దారి ఆలోచిస్తారు.

ఇక చివరిగా, ఇవాళ నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. మన ఇళ్ళలో కాన్పుకు ఊరి నుంచి వచ్చేది అమ్మో, అత్తగారో. అల్లుడో, కొడుకో పొద్దున్నే ఆఫీసుకు పోతాడు. పగలంతా ఏ పదో అంతస్తు ఇంట్లోనో ఉండేది నిండు చూలాలు, ఇంగ్లీషు రాని ఒక పెద్దావిడ. మా ఇంట్లో అది తెల్లవారుజామున జరిగింది గనుక అల్లుడు ఉన్నాడు, ఈ మాట ఆ మాటగా మార్చి చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండింటికి జరిగి ఉంటే? వదినగారికి బిడ్డను పట్టుకోవడం వచ్చు, ఫోనులో సంగతి చెప్పడం రాదు.

ఆవిడే అడిగి నేర్చుకున్నారు ఆ తర్వాత. 995 నొక్కడం, బేబీ కమింగ్ అనడం, పోస్టల్ కోడ్ ఆరంకెలూ ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పడం, ఎదురింటి తలుపు కొట్టడం. పావుగంట కూడా పట్టలేదు ఆవిడకి. చాంగీ విమానాశ్రయం నుంచి అమ్మను ఇంటికి తెచ్చుకున్న రోజున చేపల మార్కెట్టూ, గుడీ, ఎమ్మార్టీ రైలు స్టేషనూ ఎక్కడో చూపిస్తాం కదా. వాటి కంటే ముందు ఆ ఆరంకెలు నేర్పండి. నేర్పడం అయ్యాక ఆవిణ్ణి కూచోబెట్టి, వాళ్ళమ్మ పురుళ్ళ దగ్గర ఏమేం చూసిందో అడిగి మీరూ నేర్చుకోండి.